యాభై మైళ్ళ వేగంతో డెట్రాయిట్ దాకా: 1951 షెవర్లే పికప్‌తో మా యాత్ర

చికాగో శివార్లలోని మా ఇంటి నుంచి డెట్రాయిట్‌కు ఇంటర్‌స్టేట్ (ఇప్పటి వేగవంతమైన పెద్ద రహదారి) మీద వెళ్తే ఐదారు గంటల ప్రయాణం. మాకు ఆరు రోజులు పట్టింది. అందులో రెండు రోజులు ఒక మోటెల్ ముందు పార్కింగ్‌లోనే గడిచాయి. అయినా మళ్ళీ ఇదే దారిలో వెళ్దామంటే రేపే బయల్దేరతాను.

మా బండి 1951 షెవర్లే 3100. ఆరు సిలిండర్ల 216 (ఘనాంగుళాల) ఇంజిన్, కొత్తలో 92 హార్స్‌పవర్. గంటకు 50 మైళ్ళ దగ్గర హాయిగా సాగుతుంది. అంతకు మించి తొక్కితే ఇంజిన్ చప్పుడే మారిపోతుంది. నాలుగేళ్ళుగా వారాంతాల్లో కొంచెం కొంచెంగా బాగుచేసుకుంటూ వచ్చాను. బ్రేకులు, వైరింగ్, స్టీరింగ్ అయ్యాయి. మిగిలినవి రెండే: వెనక తొట్టి చెక్కలు, తలుపుల రంగు. కుడివైపు తలుపు మీద పై రంగు పోయిన చోట, అడుగున ఎప్పటివో తెల్ల అక్షరాలు కనిపిస్తున్నాయి. ధాన్యం, దాణా అమ్మే ఏదో దుకాణం పేరు. సగం చెరిగిపోయింది. దాన్ని గీకేసి కొత్త రంగు వేయాలా, అలాగే ఉంచాలా? ఏడాదిగా తేల్చుకోలేకపోతున్నాను. పాత ట్రక్కులను చూసి, వాటి యజమానులతో మాట్లాడి వస్తే ఒక దారి దొరుకుతుందని మా బావమరిదిని వెంటబెట్టుకుని బయల్దేరాను.

దారి విషయం ముందే చెప్పేస్తాను. ఇలాంటి బండికి యూఎస్ 12ని మించిన రోడ్డు లేదు. చికాగోకూ డెట్రాయిట్‌కూ మధ్య ఒకప్పటి ప్రధాన రహదారుల్లో ఇదొకటి. ఇంటర్‌స్టేట్ వచ్చాక లారీలన్నీ అటు వెళ్ళిపోయాయి. ఊరూరా వేగం తగ్గించాల్సి వస్తుంది కాబట్టి ఇంజిన్‌కూ కాస్త విశ్రాంతి. వెనక ఎవరైనా తొందరపడుతుంటే పక్కకు తప్పుకోవడానికి చోటు ఉంటుంది. ఏసీ లేని బండిలో జూలై నెల ఎలా అని ఇంట్లో అందరూ టెన్షన్ పడ్డారు. తలుపు అద్దాల ముందుండే చిన్న తిరిగే కిటికీలు ఈ మోడల్‌కు వచ్చింది 1951లోనే. వాటిని లోపలికి తిప్పి పెడితే గాలి నేరుగా గుండెలకు తగులుతుంది. మధ్యాహ్నం రెండు గంటలకు కూడా ఇబ్బంది అనిపించలేదు.

మొదటి మజిలీ ఇండియానాలోని సౌత్ బెండ్, స్టూడ్‌బేకర్ నేషనల్ మ్యూజియం. ఇక్కడ గడియారం ఒక గంట ముందుకు జరుగుతుంది. చికాగో నుంచి వచ్చేవాళ్ళు అది మర్చిపోతే మూసే వేళకు చేరుకుంటారు. 1852లో గుర్రపు బళ్ళ పనితో మొదలైన ఆ సంస్థ 1963 డిసెంబర్‌లో ఈ ఊళ్ళో కార్ల తయారీ ఆపేసింది. అధ్యక్షుడు లింకన్ చివరి రాత్రి నాటకశాలకు వెళ్ళిన బండి ఇక్కడే ఉంది. దాని ముందు అందరూ నిలబడతారు, మేమూ నిలబడ్డాం. కానీ నన్ను కట్టిపడేసింది కింది అంతస్తు. నిల్వలో ఉంచిన బళ్ళను కూడా అక్కడ చూడనిస్తారు. పైన మెరిసే బళ్ళకన్నా ఇక్కడే ఎక్కువ నేర్చుకోవచ్చు. అతుకులు, తుప్పు మొదలయ్యే మూలలు, రంగు పొరలు అన్నీ బయటికి కనిపిస్తాయి. బాగుచేసే పనిలో ఉన్నవాళ్ళు పైన గంట, కింద రెండు గంటలు పెట్టుకోండి.

బస మాత్రం పొరపాటు చేశాం. ఊరి నడిబొడ్డున మంచి హోటల్ తీసుకున్నాం. గది శుభ్రంగా ఉంది, పరుపు బాగుంది. కానీ బండిని వాళ్ళ మనిషే తీసుకెళ్ళి ఎక్కడో పెడతాడు. ఈ బండికి తాళం తిప్పితే ఇంజిన్ లేవదు. యాక్సిలరేటర్ పక్కనున్న స్టార్టర్ పెడల్‌ను కాలితో నొక్కాలి, చోక్ ఎంత లాగాలో తెలియాలి. ఆ కుర్రాడికి చూపించాను, పాపం శ్రద్ధగానే విన్నాడు. పొద్దున బండి తెచ్చేసరికి చోక్ పూర్తిగా లాగే ఉంది, గొట్టంలోంచి నల్లటి పొగ. అతని తప్పేం లేదు. పాత బండితో వెళ్ళేవాళ్ళు మాత్రం తాళం వాళ్ళ చేతికి ఇవ్వాల్సిన హోటల్ జోలికి వెళ్ళకండి.

రెండో రోజు యూఎస్ 20 మీద లాగ్రేంజ్ వైపు వెళ్ళాం. ఆమిష్ వాళ్ళ (కార్లు వాడని ఒక క్రైస్తవ సమాజం) గుర్రపు బగ్గీలు రోడ్డు పక్కగా వెళ్తుంటాయి. వాటి వెనక నెమ్మదిగా పోవడం మా బండికి కష్టమే కాలేదు. మధ్యాహ్నానికి ఆబర్న్ చేరాం. ఈ ఊళ్ళో పక్కపక్కనే రెండు మ్యూజియంలు ఉన్నాయి. ఆబర్న్ కార్డ్ డ్యూసెన్‌బర్గ్ మ్యూజియం ఆబర్న్ కార్ల కంపెనీ 1930 నాటి ఆఫీసు భవనంలో ఉంది. షోరూమ్ అందం చూడటానికే వెళ్ళవచ్చు. ట్రక్కుల మీద ప్రేమ ఉన్నవాళ్ళకు మాత్రం పక్కనున్న నేషనల్ ఆటో అండ్ ట్రక్ మ్యూజియమే ముఖ్యం. జీఎం (జనరల్ మోటార్స్) కంపెనీ ఊరూరా ప్రదర్శనల కోసం చేయించిన 12 ఫ్యూచర్‌లైనర్లలో పదోది ఇక్కడ ఉంది. దాన్ని బాగుచేసినవాళ్ళు వాలంటీర్లు. ఆ బస్సంత బండి పక్కన నిలబడితే, నా తలుపు సమస్య ఎంత చిన్నదో అనిపించి ధైర్యం వచ్చింది. ఇక్కడ లైటింగ్ అంత గొప్పగా లేదు, హంగులు తక్కువ. అయినా నా ఓటు దీనికే.

సాయంత్రం పాత 27 రోడ్డు మీద మిషిగన్‌లోకి వెళ్ళి, కోల్డ్‌వాటర్ దగ్గర ఒక మోటెల్‌లో దిగాం. గది తలుపు తీస్తే ఎదురుగా బండి. మర్నాడు పొద్దున డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టి చూశాను. ఆయిల్ ఫుల్ గీతకన్నా పైన ఉంది. రాత్రి సరిగ్గా గీత దగ్గర ఉన్నది తెల్లారేసరికి పెరగడం ఏమిటి? చుక్క తీసి వేళ్ళ మధ్య రుద్దాను. నీళ్ళలా పల్చగా ఉంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోల్ వాసన.

"బావా, బాగానే నడిచింది కదా, నెమ్మదిగా వెళ్ళిపోదామా?" అన్నాడు మా బావమరిది.

వద్దన్నాను. ఫ్యూయల్ పంప్ లోపలి డయాఫ్రమ్ (రబ్బరు పొర) చిరిగితే పెట్రోల్ ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఈ మోడల్‌లో ట్యాంకు క్యాబిన్‌లోనే, సీటు వెనక ఉంటుంది. పంపుకన్నా ఎత్తులో ఉండటం వల్ల బండి ఆపి ఉన్నా రాత్రంతా కారుతూనే ఉంటుంది. పైగా 216 ఇంజిన్‌లో కనెక్టింగ్ రాడ్లకు ప్రెషర్‌తో ఆయిల్ పంపే ఏర్పాటు లేదు. రాడ్ల అడుగున ఉండే చిన్న గరిటెల్లాంటివి ఆయిల్‌ను తోడుకోవాలి. బేరింగ్‌లు మెత్తటి బాబిట్ లోహం. పల్చబడ్డ ఆయిల్‌తో పది మైళ్ళు వెళ్ళినా ఇంజిన్‌నే పోగొట్టుకోవచ్చు. ఇప్పటి పెట్రోల్‌లో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఆ కాలపు రబ్బరు దాన్ని తట్టుకోలేదు. బ్రేకుల మీద పెట్టిన శ్రద్ధ పంపు మీద పెట్టలేదు, అది నన్ను బాధించింది.

సర్వీసుల సంగతి తెలిసింది ఇక్కడే. మొదట ఫోన్ చేసిన గ్యారేజీవాళ్ళు మోడల్ ఏడాది వినగానే, 1996కు ముందు బళ్ళు మేం చూడం అని చెప్పి ఫోన్ పెట్టేశారు. ట్రాక్టర్లు బాగుచేసే ఇంకొకాయన తీసుకురమ్మన్నారు. రోడ్‌సైడ్ సర్వీసువాళ్ళకు ఫ్లాట్‌బెడ్ (బండిని మొత్తంగా పైకెక్కించుకునే లారీ) కావాలని రెండుసార్లు చెప్పాను. మూడు గంటల తర్వాత కొక్కెం బండి వచ్చింది. బంపర్‌కు కొక్కెం తగిలిస్తే వంగిపోతుంది కాబట్టి వెనక్కి పంపేశాను. మీరు సభ్యత్వం తీసుకునేటప్పుడు ఫ్లాట్‌బెడ్ గ్యారంటీ అని కాగితం మీద ఉందో లేదో చూసుకోండి.

చివరికి ఆదుకున్నది విడిభాగాల దుకాణంలో కౌంటర్ దగ్గరున్న పెద్దాయన. కంప్యూటర్‌లో 1951 ఎక్కించినా ఏమీ చూపలేదు. ఆయన లోపలికెళ్ళి లావుపాటి పాత కేటలాగ్ తెచ్చి, పేజీలు తిప్పి, నంబరు పట్టుకుని, మర్నాటికి తెప్పిస్తానన్నారు. తెప్పించారు కూడా. మోటెల్ యజమానురాలిని అడిగితే, నేల మీద ఆయిల్ పడకుండా చూసుకుంటే చాలు, అక్కడే చేసుకోమన్నారు. అట్టపెట్టెలు విప్పి పరిచాం. పంపును పట్టి ఉంచేవి రెండే బోల్టులు. దాన్ని మార్చి, పాత ఆయిల్ దింపి, జింక్ ఎక్కువగా ఉండే ఆయిల్ ఐదు క్వార్టులు పోశాం. పాత ఆయిల్‌ను ఆ దుకాణంవాళ్ళే తీసుకున్నారు. ఆ మోటెల్ గదిలో కార్పెట్ పాతది, వేడినీళ్ళు ఆలస్యంగా వస్తాయి. ఈ యాత్రలో నేను అన్నిటికన్నా మెచ్చిన బస అదే.

బుధవారానికి హికరీ కార్నర్స్ చేరాం. గిల్‌మోర్ కార్ మ్యూజియం 90 ఎకరాల ప్రాంగణం. కొన్ని భవనాలు పాతకాలపు డీలర్ షోరూమ్‌ల్లా కట్టారు, 1941 నాటి డైనర్ (చిన్న భోజనశాల) కూడా ఉంది. ఒక్కరోజుకు తరగదు. వేసవిలో వెళ్తే బుధవారమే వెళ్ళండి. సాయంత్రం చుట్టుపక్కల వాళ్ళు తమ పాత బళ్ళు తెచ్చి గడ్డి మీద నిలుపుతారు. మేమూ నిలిపాం.

మా పక్కన ఒక ముసలాయన ఫోర్డ్ పికప్. రంగు వెలిసిపోయి, తొట్టి అంచులు లోపలికి సొట్టలు పడి ఉన్నాయి. ఇంజిన్ మాత్రం గడియారంలా నడుస్తోంది. ఎందుకు రంగు వేయలేదని అడిగాను. ఆయన సొట్టల మీద చేయి పెట్టి, అవి వాళ్ళ నాన్న కంచె స్తంభాలు ఎక్కించినప్పుడు పడ్డవని చెప్పారు. తర్వాత మా బండి తలుపు దగ్గరికి వచ్చి, కళ్ళజోడు పైకి జరిపి, ఆ తెల్ల అక్షరాలను ఒక్కొక్కటిగా కూడబలుక్కుని చదివారు. నేను నాలుగేళ్ళలో చదవలేని రెండు అక్షరాలు ఆయనకు కనిపించాయి.

గురువారం మళ్ళీ యూఎస్ 12 పట్టుకుని, ఐరిష్ హిల్స్ గుట్టల మీదుగా డెట్రాయిట్ పక్కనే ఉన్న డియర్‌బోర్న్ చేరాం. హెన్రీ ఫోర్డ్ మ్యూజియం గురించి చాలామంది రాశారు, నేను కొత్తగా చెప్పేది లేదు. ఫోర్డ్ వాళ్ళ రూజ్ ఫ్యాక్టరీ టూర్ మాత్రం వదలకండి. మ్యూజియం నుంచి వాళ్ళ బస్సులోనే తీసుకెళ్తారు. ఎఫ్-150 ట్రక్కులు బిగించే లైన్‌ను పైనుంచి నడుస్తూ చూడవచ్చు. పని జరుగుతుందో లేదో ముందే కనుక్కుని వెళ్ళండి, లైన్ ఆగి ఉంటే సగం ఆనందం పోతుంది. ఫోర్డ్ ఫ్యాక్టరీలోనే పికప్ బాడీ బిగించి అమ్మడం 1925 ఏప్రిల్‌లో మోడల్ టీతో మొదలైంది, ధర 281 డాలర్లు. ఆ సంగతి మనసులో పెట్టుకుని ఈ లైన్ చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

శనివారం డెట్రాయిట్‌లో ఫోర్డ్ పాత ఫ్యాక్టరీ, పికెట్ అవెన్యూ ప్లాంట్. 1904లో కట్టిన మూడంతస్తుల ఇటుక భవనం. 1908లో మోడల్ టీ పుట్టింది ఇక్కడే. చెక్క నేల మీద నడుస్తుంటే అడుగు కింద కిర్రుమంటుంది. ఒక్కటే చూసే వీలుంటే రూజ్‌కన్నా దీనికే వెళ్ళమంటాను.

ఆదివారం వెనక్కి బయల్దేరి, దారిలో ఎక్కడా బానెట్ ఎత్తకుండా ఇల్లు చేరాం. తొట్టికి పైన్ చెక్కలు ఆర్డర్ పెట్టాను. కుడి తలుపును మాత్రం సబ్బునీళ్ళతో కడిగి, తుప్పు ఉన్న అంచులు మాత్రమే శుభ్రం చేసి, అక్షరాల మీద పల్చగా మైనం పూశాను. ముసలాయన చదివిన ఆ రెండు అక్షరాలు ఇప్పుడు నాకూ కనిపిస్తున్నాయి.