టీపాయ్ మీది పుస్తకం: కుట్టు ఉందా, జిగురేనా?

పెద్ద బొమ్మల పుస్తకం కొనేటప్పుడు ముఖచిత్రం చూస్తాం, ధర చూస్తాం. వెన్ను ఎవరూ చూడరు. ఏళ్ల తరబడి టీపాయ్ మీద మార్చి మార్చి వాడాక నా దగ్గర నిలిచినవి దాదాపు అన్నీ కుట్టు బైండింగువే. ఊడినవన్నీ జిగురువి. ధర ఎక్కువ పెట్టినంత మాత్రాన కుట్టు ఉంటుందనుకోవద్దు.

బీరువాలో ఉండే పుస్తకానికి జిగురు చాలు. టీపాయ్ మీద పుస్తకం అలా కాదు. ఒక పేజీ దగ్గర విప్పి వదిలేయాలి, కాఫీ తాగుతూ ఓసారి, అటుగా వెళ్తూ ఓసారి చూడాలి, చూడటం తీరాకే పేజీ తిప్పాలి. ఆ నింపాదితనం కోసమే కదా కొనేది. కాగితాలు మడతలుగా కుట్టి ఉంటే పుస్తకం దానంతటదే విప్పుకుని పడుంటుంది. జిగురుది మూసుకుపోతుంది. పేపర్‌వెయిట్ పెడితే ఆగుతుంది గానీ, ఆ ఒత్తిడికే వెన్ను విరుగుతుంది.

దక్కన్ కోటల ఫొటోల పుస్తకం ఒకటి సరిగ్గా ఇలాగే పోయింది. 30 సెం.మీ. ఎత్తు, 25 వెడల్పు, 150 జీఎస్ఎం (చదరపు మీటరుకు 150 గ్రాములు తూగే) ఆర్ట్ పేపర్, 240 పేజీలు. అట్టలు కాక కాగితమే కిలోంబావు పైన తూగుతుంది. ఈ బరువంతా వెన్నులో ఓ పలుచటి జిగురు పొర మోయాలి. మామూలుగా వాడే హాట్‌మెల్ట్ (వేడికి కరిగించి పూసే) జిగురు మన మే నెల ఎండకు మెత్తబడుతుంది, పాతబడేకొద్దీ పెళుసెక్కుతుంది. పైగా ఆర్ట్ పేపర్ మీద మట్టిపూత ఉంటుంది కాబట్టి జిగురు కాగితం పీచును గట్టిగా పట్టుకోదు. మొదటి ఎండాకాలంలో మధ్య పేజీ దగ్గర టక్కుమని వెన్ను పగిలింది. మరుసటి ఎండాకాలానికి ఒక కాగితం చేతికొచ్చింది. ఒకటి ఊడితే పక్కదానికి ఆసరా పోతుంది, ఆ తర్వాత వరసగా ఊడుతూనే ఉంటాయి.

మళ్లీ కుట్టిద్దామన్నా కుదరదు. ఇలాంటి జిగురు బైండింగులో వెన్ను వైపు మడతలు కోసేసి ఉంటారు, అన్నీ విడి కాగితాలే. బైండర్ చేయగలిగింది పక్కకుట్టు, అంటే వెన్ను పక్కన కాగితాలన్నిటినీ కలిపి గుచ్చి కుట్టడం. దానికి లోపలి అంచు అర అంగుళం దాకా పోతుంది. రెండు పేజీల మీద పరిచిన గోల్కొండ బొమ్మలో బాలాహిసార్ నడుమ భాగం ఆ కుట్టులోకే పోయింది. పుస్తకం గట్టిపడింది గానీ, ఇప్పుడు పూర్తిగా విప్పుకోదు.

కొట్లో చూడాల్సింది ఇదీ. వెన్ను పైకొసను కళ్ల దగ్గర పెట్టుకుని చూస్తే, కుట్టు పుస్తకంలో కాగితాలు చిన్న చిన్న కట్టలుగా, విల్లుల్లా వంగి కనిపిస్తాయి. అది ఒక్కటీ చాలదు, కట్టలకు గాట్లు పెట్టి జిగురు పోసేవీ ఉన్నాయి. 8 పేజీలకో 16 పేజీలకో వచ్చే కట్ట నడిమి మడతలో దారం కనపడాలి. వెన్ను కొసన అంటించిన రంగుల పట్టీని లెక్కలోకి తీసుకోకండి, అది అలంకారం. ఆన్‌లైన్‌లో 'హార్డ్ కవర్' అని ఉంటే గట్టి అట్ట ఉందనే అర్థం, కుట్టు ఉందని కాదు. సీలు వేసిన ప్రతులు తప్ప చూపించని షాపులో కొనడం కన్నా ఆదివారం హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల సంత నయం, అక్కడ విప్పి చూడనిస్తారు. అయితే పాత పుస్తకంలో పేజీ అంచులు గీకినట్టుంటే సిల్వర్ ఫిష్ పురుగులు తిన్నట్టు. దాన్ని వదిలేయండి.

జిగురంతా చెడ్డదని కూడా అనలేను. పీయూఆర్ (పాలీయురేథేన్) జిగురు వేడికి తట్టుకుంటుంది, బాగానే విప్పుకుంటుంది. కాకపోతే కంటితో చూసి పోల్చుకోవడం కష్టం. పేజీకి ఒక్కటే బొమ్మ ఉండే పుస్తకమైతే, ఉదాహరణకు రాజా దీన్‌దయాళ్ (1844–1905) తీసిన నిజాం కాలపు ఫొటోల్లాంటివైతే, జిగురుతోనూ సర్దుకోవచ్చు. నడుమ మడతలో మునిగిపోయే బొమ్మ ఉండదు.

మెరిసే ఆర్ట్ పేపర్‌ను నేను మొదట్లో బాగా మెచ్చుకునేవాణ్ణి. రంగుల వరకు ఆ మాట ఇప్పటికీ నిజమే. కానీ రాత్రి ట్యూబ్‌లైటు కింద బొమ్మకన్నా లైటే ఎక్కువ కనపడుతుంది. వానాకాలం తేమకు పేజీలు ఒకదానికొకటి అతుక్కునే ప్రమాదమూ ఉంది. నీళ్లు ఒలికితే ఆరక ముందే పేజీల మధ్య బటర్ పేపర్ పెట్టాలి. అతుక్కుని ఆరిపోయాక విడదీస్తే బొమ్మ పూతతో సహా ఊడొస్తుంది. మ్యాట్ కాగితం కాస్త డల్‌గా ఉన్నా కంటికి హాయి.

మా హాలు పడమటి వైపు కాబట్టి ఎండ వేడి ఎక్కువ, పిల్లలు పెద్దవాళ్లయ్యారు, టిఫిన్లు డైనింగ్ టేబుల్ మీదే. అందుకే కుట్టు పుస్తకానికి ఎక్కువ పెట్టడం మాకు గిట్టుబాటైంది. టీపాయ్ మీదే ఉప్మా తినే ఇంట్లో, రెండేళ్ల పిల్లాడున్న ఇంట్లో ఇంత ఖరీదు పెట్టమని చెప్పను. అక్కడ ఆబిడ్స్‌లో దొరికే పాత పుస్తకమే మేలు, పోయినా బాధుండదు.