సోలాపూర్‌లో మిగిలిపోయిన ఒక రోజు

సోలాపూర్‌ని మనవాళ్లు ఎక్కువగా రాత్రి పడుకోవడానికే వాడుకుంటారు. తుల్జాపూర్, అక్కల్‌కోట, పండరీపురం మూడింటికీ ఇక్కడి నుంచి బస్సులు ఉంటాయి కాబట్టి స్టేషన్ దగ్గర దిగి, తెల్లారగానే వెళ్లిపోతారు. మేమూ అమ్మ మొక్కు కోసం తుల్జాపూర్‌కే బయల్దేరాం. తిరుగు ప్రయాణంలో ఒక రోజు మిగిలింది. అమ్మ వినకుండా చెప్తున్నా, నాకు దర్శనం కంటే ఆ రోజే ఎక్కువ గుర్తుంది.

ముందు బస సంగతి. స్టేషన్ దగ్గరి లాడ్జిలో 1,400 తీసుకున్నారు. పక్కలు శుభ్రంగానే ఉన్నాయి. వేడినీళ్లు 24 గంటలూ అని బోర్డు మీద ఉంది గానీ ఏడున్నర దాటితే చన్నీళ్లే. ఆటోవాళ్లు మీటరు మాట ఎత్తనివ్వరు, షేర్ ఆటో నయం.

చెరువు మధ్యలో సిద్ధేశ్వర గుడి, దాని పక్కనే కోట. పొద్దున్నే వెళ్తే రెండింటికీ కలిపి రెండు గంటలు చాలు. దారిలో నలుగురి విగ్రహాలున్న చౌరస్తా వస్తుంది. 1930లో ఊరు తిరగబడితే బ్రిటిష్ వాళ్లు ఇక్కడ మార్షల్ లా పెట్టారు, 1931 జనవరి 12న ఈ నలుగురినీ ఉరి తీశారు. అప్పటికే ఇది మిల్లు కూలీల ఊరు.

అసలు ఊరు తూర్పున ఉంది. పూర్వభాగ్ అంటారు. బోర్డులన్నీ మరాఠీలోనే, వాటి మీద ఇంటిపేర్లు మాత్రం మనవి. తరాల కిందట తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలీలు. ఒక షెడ్డు ముందు ఆగి తెలుగులో అడిగితే లోపలికి రమ్మన్నారు. పవర్‌లూముల మోతకి మన మాట మనకే వినపడదు, పనివాళ్లు చేతి సైగలతోనే మాట్లాడుకుంటారు. వాళ్ల కనుబొమల మీద దూది నుసి. చద్దర్ల మగ్గానికి పైన చిల్లులు పొడిచిన అట్టలు దండలాగా వేలాడుతున్నాయి. కింద నెమలి రావాలా, పువ్వు రావాలా అన్నది ఆ చిల్లులదే నిర్ణయం. సోలాపూర్ చద్దర్ పేరు పెట్టి వేరే ఊళ్లలో నేసినవి అమ్ముతున్నారని అక్కడి పెద్దాయన గోడు. మేం రెండు చద్దర్లు, నాలుగు టవళ్లు అక్కడే కొన్నాం. స్టేషన్ రోడ్డు దుకాణాల కంటే ధర తక్కువే పడింది.

మధ్యాహ్నం కడక్ జొన్నరొట్టె, శేంగా చట్నీ. రొట్టె అప్పడంలా విరుగుతుంది. చట్నీ అంటే మన పల్లీ చట్నీ అనుకోకండి, కారం దట్టించిన పొడి. ఇంటికి అరకిలో తెచ్చాం, వారంలో అయిపోయింది.

ఆ పక్క సందులోనే అరుగుల మీద ఆడవాళ్లు బీడీలు చుడుతున్నారు. ఇక్కడ మగ్గం మగవాళ్లదైతే బీడీ ఆడవాళ్లది. ఊరి బయట కుంభారిలో ఈ బీడీ కార్మికుల కోసం కట్టిన కాలనీలో 10,000 ఇళ్లున్నాయి. ఫోన్ తీయబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "అడగకుండ తీస్తారా?"

ఒకామె తలెత్తి, "ఏ ఊరక్కా మీది?" అంది.

"కోరుట్ల."

"మా ముత్తాతలు గూడ అటు దిక్కు నుంచే వచ్చిన్రంట. నేనైతే ఇప్పటిదాంక చూడలే."

అమ్మ అరుగెక్కి పక్కన కూర్చుంది. పెళ్లికి ముందు తనూ చుట్టిందని నాకు తెలుసు గానీ చూడటం అదే మొదటిసారి. తడిపిన తునికాకు మీద రేకు ముక్క పెట్టి కత్తిరించింది, చిటికెడు పొగాకు పరిచి చుట్టింది, దారం కట్టి గోటితో మూతి ముడిచింది. ఆమె నాలుగు చుట్టేలోపు అమ్మది ఒకటి. అలా మూడు చుట్టింది.

ఆమె మూడింటినీ వేళ్ల మధ్య తిప్పి చూసింది. రెండింటిని విప్పి పొగాకు మళ్లీ చాటలో పోసుకుంది. మూడోది 25 బీడీల కట్టలో దూర్చింది.