వానలో పడవ దిగి కొల్లాపూర్ పోవాలంటే పల్లెవెలుగే నయం

సోమశిల దగ్గర కృష్ణలో పడవ మీద ఉండేవాళ్ళకు, ముసురు రోజుల్లో అక్కడికి వచ్చిపోయేవాళ్ళకు పనికొస్తుందని సోమశిల - కొల్లాపూర్ ఆర్టీసీ పల్లెవెలుగు గురించి రాస్తున్నా. వాన రోజున ఆ దారిలో దీనికి మించిన బండి లేదు, నా మాట అదే.

మాది చేపల పని. చేప దొరికే నెలల్లో నేను, మా ఆయన, అత్తమ్మ పడవలోనే వండుకుంటాం, అక్కడే పడుకుంటాం. కొల్లాపూర్ దాదాపు పది కిలోమీటర్లే, కానీ బస్సు దాకా చేరడమే అసలు పని, అది నీళ్ళను బట్టి మారుతుంది. శ్రీశైలం డ్యాం నిండి 885 అడుగులకు వస్తే మా పడవ రేవు పక్కకే వచ్చేస్తుంది, దిగి కాస్త నడిస్తే రోడ్డు. అదే ఆరుద్ర కార్తెలో ఇక్కడ వానలు పడుతున్నా పైన జూరాల నుంచి వరద ఇంకా దిగని రోజుల్లో నీళ్ళు ఎక్కడో కింద ఉంటాయి, ఒడ్డంతా ఒండ్రు మట్టి, అడుగేస్తే కాలు దిగబడుతుంది, చెప్పులు చేతిలో పట్టుకుని ఎక్కాల్సిందే. ఈసారి మేం వెళ్ళింది సరిగ్గా అలాంటి రోజునే. అత్తమ్మకు బీపీ మాత్రలు అయిపోయాయి, పడవ మీది టార్పాలిన్ గాలికి చిరిగింది, రెండూ ఆగేవి కావు.

మా ఆయన పడవలోనే ఉండిపోయాడు. ఇది కొత్తగా వచ్చేవాళ్ళు తప్పకుండా గుర్తుంచుకోవాలి: వరద వచ్చే రోజుల్లో పడవను కట్టేసి అందరూ టౌనుకు పోవద్దు. నీళ్ళు పెరిగితే బిగించి కట్టిన తాడు పడవ ముక్కును కిందికి లాగుతుంది, తగ్గితే పడవ బురద మీద కూర్చుంటుంది. తాడు వదులుతూ, బిగిస్తూ ఒక మనిషి ఉండాలి.

ఇక బస్సు. మేం ఎక్కేది రోడ్డు మలుపు దగ్గర, అక్కడ షెడ్డు లేదు, చెట్టు కింద నిలబడ్డాం, గొడుగున్నా నడుము కింద అంతా తడిసింది. బస్సు వచ్చేసరికి అత్తమ్మ ఇంకా గట్టు ఎక్కుతూనే ఉంది. డ్రైవర్ అన్న అద్దంలోంచి చూసి ఆపి ఉంచాడు, హారన్ కొట్టలేదు, తొందరపెట్టలేదు. కండక్టరమ్మ మెట్టు దగ్గరికి వచ్చి "నిమ్మళంగా ఎక్కు పెద్దమ్మా, బస్సు ఎక్కడికీ పోదు" అని చెయ్యిచ్చింది. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి పల్లెవెలుగు మెట్టు ఎత్తే, కానీ పట్టుకోవడానికి రాడ్డు ఉంటుంది, పైగా ఆ చెయ్యి. మా కాళ్ళకు బురద, సంచీకి పడవ వాసన, అయినా ఎవరూ మొహం తిప్పుకోలేదు, ఒక పిల్లాడు లేచి అత్తమ్మకు సీటిచ్చాడు. ఆమె అంత హాయిగా కూర్చోవడం చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది.

టికెట్ సంగతి: 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి కింద తెలంగాణలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితమే, ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొడతారు. పడవ మీద ఉండేవాళ్ళు ఆధార్‌ను ప్లాస్టిక్ కవర్లో వేసి, మూతి ముడేసి పెట్టుకోండి. మా దగ్గర కార్డు తడిస్తే ఆరదు.

షేర్ ఆటోలు కూడా తిరుగుతాయి, ఎండాకాలంలో నేనూ ఎక్కుతా. వానలో మాత్రం నాకు నచ్చవు. మనుషులు నిండేదాకా కదలవు, పక్కన కట్టిన రెగ్జిన్ తెర గాలికి లేచి జల్లు నేరుగా ఒళ్ళోకే కొడుతుంది, సామాను ఒళ్ళో పెట్టుకోవాలి. నేను ఒకసారి ఎక్కిన ఆటో అయితే వాన అని చెప్పి ఎక్కువ తీసుకున్నాడు. బస్సు నిండినా నిండకపోయినా దాని టైంకి అది కదులుతుంది.

కొల్లాపూర్‌లో సర్కారు దవాఖానాలో అత్తమ్మకు బీపీ చూసి మాత్రలిచ్చారు. టార్పాలిన్ కొనేటప్పుడు రంగు చూడకండి, చేత్తో పట్టుకుని మందం చూడండి, జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువో, అడగండి. పలచటి నీలం షీటు ఇంటి ముందు పందిరికి సరిపోతుందేమో గానీ నది మీద గాలికి రింగుల దగ్గరే చిరుగుతుంది. మేం మందంగా ఉన్నదే, అంచులో తాడు వేసి కుట్టినదే తీసుకున్నాం. బరువుగా ఉంది, నిజమే. తిరుగు బస్సులో అదే కండక్టరమ్మ, ఆ చుట్టను వెనక సీటు కింద పెట్టమని తనే చోటు చూపించింది.

వెళ్ళేవాళ్ళు ఒకటి చేయండి. బస్సు ఎక్కేటప్పుడే తిరిగి వచ్చే చివరి బస్సు ఎప్పుడో కండక్టర్‌ను అడిగి, దానికంటే ముందు బస్సుకే వచ్చేయండి. రోడ్డు మీద దిగాక ఆ ఒండ్రులో పడవ దాకా ఇంకా నడవాలి, వానలో చీకటి పడితే ఒడ్డెక్కడో, నీళ్ళెక్కడో కనపడదు, అత్తమ్మలాంటి వాళ్ళను వెంట పెట్టుకుని ఆ నడక చాలా టెన్షన్. వానాకాలం నాలుగు నెలలైనా సాయంత్రం పూట ఇంకో ట్రిప్ వేస్తే మా పడవల వాళ్ళందరికీ మేలు, డిపోలో అర్జీ ఇవ్వాలని మాలో మేం అనుకుంటున్నాం. మీరూ ఆ దారిలో తిరిగేవాళ్ళైతే సంతకం పెట్టండి.