పాత పుస్తకం మీద గ్రంథాలయం గుర్తు: స్టాంపా, బుక్‌ప్లేటా?

ఐదు వందల ఏళ్ల కిందట జర్మనీలోని బిబెరాఖ్‌కు చెందిన హిల్‌ప్రాండ్ బ్రాండెన్‌బర్గ్ తన పుస్తకాలను బుక్స్‌హైమ్ మఠానికి ఇచ్చాడు. వాటిలో, ఎద్దు గుర్తున్న డాలు పట్టిన దేవదూత చీటీ అతికించి ఉంది. పుస్తకం ఎవరిదో, ఎవరిచ్చిందో తెలిపేలా లోపల అతికించే ఇలాంటి చీటీనే బుక్‌ప్లేట్ అంటారు. అచ్చయిన తొలి బుక్‌ప్లేట్లలో అదొకటి. 1883లో మఠం పుస్తకాలు మ్యూనిక్‌లో వేలానికి పోయి చెల్లాచెదురయ్యాయి. అయినా ఆ చీటీ ఉన్న పుస్తకం ఎవరిచేతి నుంచి వచ్చిందో నేటికీ చెప్పవచ్చు.

దాత పేరు నిలపాలంటే బుక్‌ప్లేటుకు సాటి లేదు. దొంగను ఆపడానికి మాత్రం అది పనికిరాదు, తడిగుడ్డ పెడితే ఊడొస్తుంది. స్టాంపు అలా పోదు.

అయితే ఏ సిరా? ఆఫీసుల్లో వాడే ఊదారంగు ప్యాడ్ సిరా తడి తగిలితే పాకుతుంది, వెలుతురుకు వెలిసిపోతుంది. నూనె సిరా చుట్టూ పసుపు వలయం కట్టి వెనక పేజీకి దిగుతుంది. కార్బన్ నలుపు సిరాయే మేలు. ముందు చిత్తు కాగితం మీద వేసి, ఒక రోజు ఆరనిచ్చి, తడి దూదితో రుద్దండి. రంగు అంటితే ఆ సిరా వద్దు. ముద్ర చిన్నదిగా, టైటిల్ పేజీ వెనక ఖాళీ అంచున వేయాలి. అక్షరం మీద గానీ బొమ్మ వెనక గానీ పడకూడదు. ఆరేదాకా పుస్తకం మూయకండి.

బుక్‌ప్లేటుకు చిక్కంతా జిగురుతోనే. ఫెవికాల్ ఎండితే మళ్లీ నీటికి కరగదు, తీయబోతే అట్ట పొర లేస్తుంది. మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలపడం మన బైండర్ల పాత అలవాటు. పురుగు రాదు నిజమే, కానీ రాగి కాగితాన్ని తినేస్తుంది. గోధుమ స్టార్చి గంజి పల్చగా, నాలుగంచులకే రాస్తే చాలు. చీటీ ఆమ్లం లేని కాగితంపై అచ్చయి ఉండాలి, లేకుంటే ఎదుటి పేజీ మీద గోధుమరంగు నీడ పడుతుంది.

మడిస్తే విరిగే నూరేళ్లనాటి తెలుగు అచ్చు పుస్తకానికి ఈ రెండూ వద్దంటాను. యాక్సెషన్ నంబరు (రిజిస్టరులో ఆ పుస్తకానికిచ్చిన సంఖ్య) మెత్తటి 2బి పెన్సిలుతో రాసి, పుస్తకాన్ని పెట్టెలో ఉంచి, స్టాంపును ఆ పెట్టె మీద వేయండి. దొంగతనం భయముంటే టైటిల్ పేజీ, సీక్రెట్ పేజీల (గుర్తింపు కోసం గ్రంథాలయం ముందే ఎంచుకున్న లోపలి పేజీ) ఫొటోలు రిజిస్టరుతో పాటు దాచండి. సిరా లేకుండా కాగితాన్నే నొక్కి వేసే ఒత్తుడు ముద్ర మాత్రం ఎన్నడూ వద్దు, పెళుసు కాగితం ఆ గీత వెంబడే తెగుతుంది.

తాళపత్రాలకైతే ఆకు మీద ఏ గుర్తూ పెట్టకండి, కట్టు తాడుకు చీటీ కట్టండి. పాత యజమాని సంతకం, ముద్ర, చీటీ ఏదున్నా చెరపకుండా కేటలాగులో ఎక్కించండి.