స్వలింగ ఆకర్షణ ఉన్నవారిని సెమినరీలో (ఫాదర్లయ్యేవారికి శిక్షణ ఇచ్చే చోట) చేర్చుకోవాలా?

బరంపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగు కతోలిక ఇళ్లలో ఈ మాట గట్టిగా ఎత్తరు. ఎత్తితే పెద్దవాళ్లకు టెన్షన్.

దీనికి రెండు దారులు. మొదటిది, వాటికన్ 2005లో పెట్టిన నియమం: స్వలింగ ఆకర్షణ లోతుగా పాతుకున్నవారిని గురుత్వ శిక్షణకు తీసుకోకూడదు. తాత్కాలికమైతే, డీకన్ పట్టానికి (ఫాదర్ కావడానికి ముందు మెట్టు) కనీసం మూడేళ్ల ముందే అది పోయి ఉండాలి. 2016లోనూ ఇదే మళ్లీ చెప్పారు. స్పష్టంగానే ఉంది. కానీ ఆ లోతు కొలిచేదెవరు? నిజం చెప్పినవాడు బయటికి, దాచినవాడు లోపలికి. నాకు దీంతోనే పేచీ.

రెండోది, మనిషిని మొత్తంగా చూడటం. ఇటలీ బిషప్పుల 2025 మార్గదర్శకాలు పాత నియమాన్ని ఉంచుతూనే, ఆకర్షణ ఒక్కటే చూడొద్దన్నాయి. బ్రహ్మచర్యంలో నిలబడగలడా అన్నదే ముఖ్యం. నాకిదే నయం, శిక్షణ ఇచ్చే ఫాదర్లకు ఓపిక ఉంటే.