సాంబారు లేని ఇడ్లీ కోసం రెండు కిలోమీటర్లు

రోజూ అరగంట తప్పకుండా నడవమన్నారు డాక్టరు. ఎటువైపు నడవాలో మాత్రం చెప్పలేదు. అందుకే బెంగళూరు హనుమంతనగర్‌లో తెల్లవారుజామున ఐదున్నరకు గేటు తీసి, శంకరపురంలోని బ్రాహ్మిన్స్ కాఫీ బార్ దారి పడతాను. "నడకకా, ఇడ్లీకా?" అని మా ఆవిడ మొదటి వారం అడిగింది. ఇప్పుడు అడగడం లేదు.

ఆ వేళ బుల్ టెంపుల్ రోడ్డు ఖాళీగా ఉంటుంది. మూడు గంటల తరువాత ఇదే రోడ్డు మీద ఆఫీసుకు వెళుతూ బస్సులో నిలబడి చెమటలు కక్కుతాను. కార్తీకమాసం చివరి సోమవారం కడలెకాయ పరిషె, అంటే వేరుశనగల జాతర, జరిగేటప్పుడు మాత్రం వేరుశనగ కుప్పల మధ్య దారి వెతుక్కోవాలి. గాంధీబజారుకు చేరేసరికి పూలగంపలు దిగుతుంటాయి. నేను కన్నడంలో మూర ఎంత అని అడిగితే పూలమ్మే ఆమె తెలుగులో ధర చెబుతుంది. నా యాస అంత గొప్పది. 1943 నాటి విద్యార్థి భవన్ హోటల్ తలుపులు నేను దాటే సమయానికి ఇంకా తెరవరు. లేకపోతే నడక అక్కడే దోసె ముందు ఆగిపోయేది.

ఇక అసలు విషయానికి వస్తాను. 1965లో మొదలైన ఈ కాఫీ బార్‌లో దొరికేవి ఇడ్లీ, వడ, ఖారాబాత్ (ఉప్మా లాంటిది), కేసరిబాత్ (రవ్వకేసరి), కాఫీ, టీ. దాదాపు అంతే. సాంబారు ఉండదు. ప్లేటు పట్టుకుని నిలబడి తినాలి. గుంటూరులో పుట్టినవాడిని, సాంబారూ కారప్పొడీ లేని ఇడ్లీని మొదట జ్వరం పథ్యం అనుకున్నాను. నెల రోజులు చొక్కా జేబులో కారప్పొడి పొట్లం పెట్టుకుని వెళ్ళాను. ఒకరోజు నేను పొట్లం విప్పుతుంటే పక్కన నిలబడిన పెద్దాయన ఏమీ అనకుండా తన ప్లేటును కాస్త అవతలికి జరుపుకున్నారు. పొట్లం మళ్ళీ జేబులోకి వెళ్ళిపోయింది. ఆ తరువాత ఇల్లు దాటలేదు.

అప్పుడు తెలిసింది ఆ కొబ్బరి చట్నీ సంగతి. పలుచగా ఉంటుంది. నంజుకోవడానికి కాదు, ఇడ్లీని ముంచడానికే చేసినట్టు ఉంటుంది. అది పీల్చుకున్న ఇడ్లీని చెంచాతో తుంచితే చాలు, నమలవలసిన పని లేదు. పచ్చిమిర్చి ఘాటు మింగాక నెమ్మదిగా తెలుస్తుంది. వడను మాత్రం ముంచవద్దు, కరకరలాడుతుండగానే తినేయండి. కేసరిబాత్ నాకు తీపి ఎక్కువ. డాక్టరు మాట ఆ ఒక్కదాని దగ్గరే వింటాను. చివర చిక్కటి డికాక్షను కాఫీ. అది పూర్తయ్యేదాకా ఆఫీసు గుర్తుకు రాదు.

మోకాళ్ళ నొప్పులున్నవారు ఆలోచించుకోండి, కూర్చునే ఏర్పాటు ఆశించవద్దు. తీరికగా తినాలనుకుంటే తెరిచిన వెంటనే, ఆరింటికే వెళ్ళండి.

ఆదివారం ఈ కాఫీ బార్‌కు సెలవు. ఆ రోజు నేను నడవను.