కీన్ హౌస్‌లో కోపెన్‌హేగెన్ ఫీల్డ్స్: వంగి చూడాల్సిన బుల్లి రైళ్లు
లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరంలోనే కీన్ హౌస్. 1910లో పుట్టిన మోడల్ రైల్వే క్లబ్ ఇల్లు ఇదే. అసలు ఆకర్షణ కోపెన్‌హేగెన్ ఫీల్డ్స్ అనే బుల్లి రైళ్ల నమూనా (లేఅవుట్): రెండు ప్రపంచ యుద్ధాల నడుమ నాటి ఉత్తర లండన్, ఆవిరి ఇంజన్లతో సహా, అసలు అడుగుకు నమూనాలో 2 మిల్లీమీటర్ల లెక్కన. పట్టాల ఎడం 9.42 మిల్లీమీటర్లు, బుల్లి రైళ్లలో ఎన్ గేజ్ అనే మామూలు కొలతలో అది 9 మిల్లీమీటర్లే కాబట్టి ఇంట్లో ఉన్న ఎన్ గేజ్ బండి తెచ్చి ఎక్కిద్దామంటే కుదరదు.

వెనక్కి పోయేకొద్దీ ఇళ్లను చిన్నవి చేశారు. కళ్లు బల్ల ఎత్తుకు దించి చూడండి. పైనుంచి చూస్తే ఆ మాయ సగం పోతుంది.

ఇంత తేలిక ఇంజన్లు పట్టా మీద కాస్త మసి ఉన్నా కరెంటు అందక మొరాయిస్తాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డే మందు. గరుకు కాగితం రుద్దితే ఆ గీతల్లోనే మళ్లీ మురికి చేరుతుంది. ఈ లేఅవుట్ ప్రదర్శనలకూ తిరుగుతుంటుంది, కనుక్కునే బయల్దేరండి.